లెక్కలోకి రాని మ్యాచ్‌లు

పోయిన ఏప్రిల్లో ఒక శనివారం రాత్రి. టైమ్ పదకొండున్నర. సోమవారం నుంచి మిడ్స్. అమెరికా తూర్పు తీరంలో ఎమ్మెస్ చేస్తున్న మా సీనియర్ అన్న వీడియో కాల్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం రెండు. "చదివింది చాల్లేరా, ఫుట్‌బాల్ చూపిస్తా చూడు" అని ఫోన్‌ని గ్రౌండ్ వైపు తిప్పాడు.

వాళ్ల యూనివర్సిటీ అబ్బాయిల సాకర్ టీమ్ ఆడుతోంది. గ్యాలరీలో మహా అయితే వందమంది. టికెట్ లేదు. మన వాళ్లు 3-0తో ఓడిపోయారు (అన్న చదివే కాలేజీ కాబట్టి నాకూ "మన వాళ్లే"). కోచ్ మొహంలో మాత్రం బాధేమీ లేదు. నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటూ వెళ్లిపోయాడు.

"ఓడిపోయారుగా, ఆయనేంటన్నా అంత కూల్‌గా ఉన్నాడు?" అని అడిగా.

"ఇది స్ప్రింగ్ మ్యాచ్ రా. రికార్డులోకి ఎక్కదు. గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు."

అప్పుడే స్క్రీన్ మూలన 31వ నంబర్ జెర్సీ వేసుకున్న కుర్రాడు కనిపించాడు. చివరి ఇరవై నిమిషాలు ఆడినట్టున్నాడు. బెంచ్ చివర కూర్చుని మొహం మీద టవల్ కప్పుకున్నాడు. పక్కన ఇంకో ప్లేయర్ వాడి భుజం తడుతున్నాడు.

లెక్కలోకి రాని మ్యాచ్‌కి వాడెందుకు అంతలా కుంగిపోయాడు? మిడ్స్ పోతే పోయాయని నేను వారం రోజులు తవ్వి తెలుసుకున్నది ఇదే. ఫుట్‌బాల్ తెలియనివాళ్లు కూడా చదవొచ్చు. ప్లేస్‌మెంట్స్ సీజన్ చూసినవాళ్లకి ఇంకా బాగా అర్థమవుతుంది.

అసలు సీజన్ ఎప్పుడు?

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని వాళ్లు సాకర్ అంటారు. కాలేజీ ఆటలన్నిటినీ నడిపించే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. అందులో పై మెట్టు డివిజన్ వన్. ఆ మెట్టు మీద అబ్బాయిల సాకర్ టీమ్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి.

అసలు సీజన్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబర్ మధ్యలో ముగుస్తుంది. లీగ్ మ్యాచ్‌లు, ఆ తర్వాత 48 టీమ్‌ల జాతీయ టోర్నమెంట్, చివర్లో కాలేజ్ కప్. అంతా కలిపి నాలుగు నెలలు కూడా లేదు. వారానికి రెండు మ్యాచ్‌లు, మధ్యలో బస్సు ప్రయాణాలు, ఆ పైన క్లాసులు, ఎగ్జామ్స్.

మరి జనవరి నుంచి మే వరకు ఏం చేస్తారు? క్లాసులకి వెళ్తారు, జిమ్‌కి వెళ్తారు, ప్రాక్టీస్ చేస్తారు. దానికీ లెక్క ఉంది: సీజన్ నడిచే వారాల్లో 20 గంటలు, సీజన్ బయట 8 గంటలు. అంతకు మించి కోచ్ వాళ్లని గ్రౌండ్‌లో ఉంచకూడదు. ఈ స్ప్రింగ్ సెమ్‌లోనే కొన్ని ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడుకోనిస్తారు. డివిజన్ వన్‌లో వాటికి ఉన్న పరిమితి ఐదు తేదీలు.

ఐదు మ్యాచ్‌లు కాదు, ఐదు తేదీలు. ఇక్కడే కోచ్‌లు తెలివి చూపిస్తారు. ఒకే రోజు రెండు టీమ్‌లతో చిన్న చిన్న మ్యాచ్‌లు పెట్టేసుకుంటారు, తేదీ మాత్రం ఒక్కటే ఖర్చవుతుంది. కొన్నిసార్లు రెండు హాఫ్‌ల బదులు మూడు భాగాలుగా ఆడతారు. అటు కోచ్ ఇటు కోచ్ ఒప్పుకుంటే ఎంతమందినైనా మార్చుకోవచ్చు. ఎదుటి టీమ్ ఇంకో కాలేజీయే కానక్కర్లేదు. దగ్గర్లో ఉన్న ప్రొఫెషనల్ క్లబ్ కావచ్చు, దాని రిజర్వ్ టీమ్ కావచ్చు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎన్‌సీఏఏలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఏంటంటే, కాలేజీలో చేరాక ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. అసలు సీజన్‌లో అధికారిక మ్యాచ్‌లో కాసేపు దిగినా ఆ నాలుగింటిలో ఒకటి ఖర్చయినట్టే. స్ప్రింగ్‌లో ఆడితే ఖర్చవదు. అంటే కొత్త కుర్రాడిని నష్టం లేకుండా పరీక్షించి చూసుకునే కిటికీ ఇది.

జనవరిలో టీమ్‌కి చిల్లులు

స్ప్రింగ్ స్కోర్లు ఎందుకు నమ్మకూడదో తెలియాలంటే, జనవరిలో టీమ్ ఎలా ఉంటుందో ఊహించుకోవాలి.

నాలుగు సీజన్లూ అయిపోయిన సీనియర్లు ఇక ఆడరు. మేజర్ లీగ్ సాకర్ క్లబ్బులు కాలేజీ ప్లేయర్లని ఎంచుకునే కార్యక్రమం సూపర్‌డ్రాఫ్ట్. అది ఒకప్పుడు జనవరిలో జరిగేది, ఇప్పుడు డిసెంబర్‌లోనే కానిచ్చేస్తున్నారు. అక్కడ ఎంపికై కాంట్రాక్ట్ దొరికినవాళ్లు జనవరిలో క్లబ్బుల క్యాంపులకి వెళ్లిపోతారు. ఇంకొందరు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టి వేరే కాలేజీకి మారిపోతారు.

ఈ పోర్టల్ గురించి రెండు ముక్కలు. 2018 అక్టోబర్‌లో మొదలైంది. ఇదొక ఆన్‌లైన్ జాబితా. అందులో పేరు పడితే మిగతా కాలేజీల కోచ్‌లు వచ్చి మాట్లాడొచ్చు. 2024 నుంచి, చదువు సరిగ్గా సాగుతుంటే, ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడనిస్తున్నారు. మన దగ్గర కాలేజీ మారడమంటే యూనివర్సిటీ చుట్టూ తిరిగి చెప్పులరగాలి. అక్కడ మంచి ప్లేయర్ అయితే వారంలో నలుగురు కోచ్‌లు ఫోన్ చేస్తారు. మంచి ప్లేయర్ కాకపోతే ఫోన్ మోగదు.

అలా వెళ్లేవాళ్లు వెళ్లిపోగా టీమ్ నడుమ చిల్లులు మిగులుతాయి. సెంటర్ బ్యాక్ ఉండడు, తొమ్మిదో నంబర్ ఉండడు. జనవరిలో చేరిన కొత్తవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆగస్టులో రావాల్సిన ఫ్రెషర్లు ఇంకా హైస్కూల్లోనే ఉంటారు. సర్జరీ చేయించుకున్న ఒకరిద్దరు కర్రల సాయంతో సైడ్ లైన్ దగ్గర కూర్చుంటారు. ఇలాంటి టీమ్ ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ క్లబ్ మీద 3-0తో ఓడితే, సెప్టెంబర్ గురించి ఆ స్కోరు చెప్పేది దాదాపు ఏమీ లేదు.

స్కోరు వదిలేసి ఏం చూడాలి?

కోచ్ నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నాడో నాకు తెలీదు. కానీ స్ప్రింగ్ మ్యాచ్‌ని ఎలా చదవాలో మెల్లగా అర్థమైంది.

ఒకటి, ఎవరు ఎవరి పక్కన ఆడుతున్నారు. మొదటి అరగంటలో దిగిన పదకొండు మందిలో పాత స్టార్టర్లు ఎనిమిది మంది ఉన్నారనుకోండి. మిగిలిన మూడు చోట్ల దిగినవాళ్లే కోచ్ మనసులో ముందున్నవాళ్లు. మొత్తం మార్చేసిన చివరి ఇరవై నిమిషాల్లో దిగితే, ఆ అబ్బాయి ఇంకా లైన్‌లో వెనకే ఉన్నాడని.

రెండు, కొత్త చోటు. పోయిన సీజన్ వింగర్‌గా ఆడినవాడిని ఫుల్ బ్యాక్‌గా దింపితే అది శిక్ష కాదు, చాలాసార్లు అవకాశం. అక్కడ ఖాళీ ఉంది, ఇతనికి పరుగుంది, డిఫెన్స్ నేర్చుకోగలడా అని చూస్తున్నారు. అక్టోబర్‌లో ఆ ప్రయోగం చేస్తే మ్యాచ్ పోతుంది. ఏప్రిల్‌లో చేస్తే పోయేదేమీ లేదు.

మూడు, ప్రొఫెషనల్ టీమ్ మీద బంతి అందగానే ఏం చేస్తున్నాడు. కాలేజీ ఆటలో బంతి ఆపి, తలెత్తి చూసి, పాస్ ఇచ్చేంత టైమ్ దొరుకుతుంది. క్లబ్ ప్లేయర్లు ఆ టైమ్ ఇవ్వరు. బంతి రాకముందే పక్కకి చూసిపెట్టుకున్నవాడు నిలబడతాడు. బంతి వచ్చాక ఆలోచించేవాడు వెంటనే పోగొట్టుకుంటాడు. స్కౌట్లు ఎక్కువగా వెతికేది ఈ తేడా కోసమే.

నాలుగు, బంతి పోయాక ఏం చేస్తున్నాడు. చేతులు విసిరి రిఫరీని చూస్తున్నాడా, వెనక్కి పరిగెత్తుతున్నాడా? పాయింట్లు లేని మ్యాచ్‌లో, వందమంది జనం ముందు, 2-0తో వెనకబడి ఉన్నప్పుడు కూడా వెనక్కి పరిగెత్తేవాడిని ఏ కోచ్ అయినా గుర్తుపెట్టుకుంటాడు.

గోల్‌కీపర్ల సంగతి వేరే. అక్కడ ఉన్నది ఒకటే కుర్చీ. అసలు సీజన్‌లో రెండో కీపర్‌కి అవకాశం రావడమే అరుదు. స్ప్రింగ్‌లో మాత్రం హాఫ్‌కి ఒకరు చొప్పున దిగుతారు. ఏడాది పొడవునా ప్రాక్టీస్ చేసినవాడికి ఆ నలభై ఐదు నిమిషాలే ఇంటర్వ్యూ.

28 కుర్చీలు

ఇప్పుడు 31వ నంబర్ కుర్రాడి దగ్గరికి వద్దాం.

ఇన్నాళ్లూ డివిజన్ వన్ అబ్బాయిల సాకర్ టీమ్‌కి ఉన్న స్కాలర్‌షిప్ పరిమితి 9.9. అవును, పాయింట్ తొమ్మిదే. ఆ తొమ్మిది చిల్లరని ముక్కలు చేసి టీమ్ అంతటికీ పంచేవారు. ఒకరికి సగం ఫీజు, ఒకరికి పావు, చాలామందికి సున్నా. సున్నా దొరికినవాళ్లూ టీమ్‌లో ఉండొచ్చు, ప్రాక్టీస్‌కి రావొచ్చు, ఏదో ఒక రోజు కోచ్ కంట పడొచ్చు. టీమ్‌లో ఎంతమంది ఉండాలన్నదానికి పై హద్దు లేదు.

2025 జూన్‌లో అక్కడి కోర్టు ఒక పెద్ద ఒప్పందానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం కాలేజీలు ప్లేయర్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. స్కాలర్‌షిప్‌ల మీద ఉన్న హద్దు పోయింది. దాని బదులు టీమ్ సైజు మీద హద్దు వచ్చింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో అబ్బాయిల సాకర్‌కి ఆ హద్దు 28.

కాలేజీకి డబ్బుంటే 28 మందికీ పూర్తి ఫీజు కట్టొచ్చు, మంచిదే. కానీ 29వ వాడికి చోటు లేదు. వాడు స్కాలర్‌షిప్ అడగకపోయినా, సొంత డబ్బుతో చదువుకుంటున్నా, టీమ్‌కి నీళ్లు మోసినా సరే, జాబితాలో ఉండడు. ఆగస్టులో కొత్తగా ఎనిమిది మంది వస్తున్నారనుకోండి, ఇప్పుడున్న వాళ్లలో మిగలాల్సింది ఇరవై మందే. ఆ ఇరవై మంది ఎవరన్నది తేలడానికి కోచ్ దగ్గరున్న అసలైన ఆధారం స్ప్రింగ్ ప్రాక్టీస్, ఆ ఐదు తేదీలు.

టీమ్‌కి లెక్కలోకి రాని మ్యాచ్ ఆ కుర్రాడికి అన్నిటికంటే పెద్ద లెక్క. టవల్ సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకో కోణం మనకి బాగా దగ్గరిది. కాలేజీ సాకర్‌లో విదేశీ ప్లేయర్లు చాలామంది. జర్మనీ, ఇంగ్లండ్, నార్వే, బ్రెజిల్, ఘనా, ఇలా ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఉండేది మన సీనియర్లకి ఉన్న ఎఫ్-1 వీసా మీదే. ఫుల్ టైమ్ స్టూడెంట్‌గా ఉండాలి, క్రెడిట్స్ తగ్గకూడదు, బయట ఇష్టమొచ్చినట్టు పని చేయకూడదు. టీమ్‌లో చోటుతో పాటు స్కాలర్‌షిప్ కూడా పోతే ఫీజు ఎవరు కడతారు, ఏ కాలేజీకి మారాలి, వీసా కాగితాలు ఎలా మార్చుకోవాలి... ఇవన్నీ మన వాట్సాప్ గ్రూపుల్లో రోజూ చూసే ప్రశ్నలే.

వెనక వరసలోంచి వచ్చినవాళ్లు

ఇదంతా చదివితే భయమేస్తుంది గానీ, ఈ దారిలోనే పైకొచ్చినవాళ్లు ఉన్నారు. మూడు కథలు చెప్తాను.

మ్యాట్ టర్నర్. న్యూజెర్సీ కుర్రాడు, ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీ గోల్‌కీపర్. 2013లో అయోనా కాలేజీతో మ్యాచ్‌లో బంతి క్రాస్‌బార్‌కి తగిలి పైకి లేచి కిందికి వచ్చింది. పట్టుకోబోయి తన గోల్‌లోకే వదిలేశాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది, టీవీలో చెత్త ఆటల జాబితాలో వేసి నవ్వుకున్నారు. 2016 డ్రాఫ్ట్‌లో ఏ క్లబ్బూ అతన్ని ఎంచుకోలేదు. న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్‌లో ట్రయల్‌కి వెళ్లి కాంట్రాక్ట్ సంపాదించుకున్నాడు. కింది లీగ్‌లో ఆడాడు, 2018లో పెద్ద లీగ్‌లో దిగాడు, 2021లో ఆ లీగ్ ఉత్తమ గోల్‌కీపర్ అయ్యాడు. 2022లో ఆర్సెనల్‌కి వెళ్లాడు. అదే ఏడాది ఖతార్ వరల్డ్ కప్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లోనూ గోల్ దగ్గర నిలబడింది అతనే.

జోర్డాన్ మోరిస్‌ది పూర్తిగా వేరే కథ. స్టాన్‌ఫర్డ్‌లో రెండో ఏడు చదువుతుండగానే సియాటిల్ క్లబ్ కాంట్రాక్ట్ ఇస్తానంది. వద్దని చదువుకి తిరిగొచ్చాడు. 2015 ఏప్రిల్‌లో, అంటే కాలేజీ టీమ్‌లు లెక్కలోకి రాని మ్యాచ్‌లు ఆడుకునే రోజుల్లో, అమెరికా జాతీయ జట్టు అతన్ని మెక్సికో మీద మొదటి పదకొండులో దింపింది. గోల్ కొట్టాడు. ఆ డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్‌ని జాతీయ చాంపియన్‌ని చేశాకే 2016లో సియాటిల్‌లో చేరాడు. ప్రతిభ ఉన్నవాడికి కాలేజీ ఆలస్యం కానక్కర్లేదని అతను చూపించాడు.

మూడోది ఈ మధ్యదే. 2024 డిసెంబర్‌లో కాలేజ్ కప్ ఫైనల్. వెర్మాంట్ యూనివర్సిటీకి టోర్నమెంట్‌లో సీడింగ్ కూడా లేదు. ఫైనల్లో మార్షల్ మీద 1-0తో వెనకబడి, సమం చేసి, అదనపు సమయంలో 2-1తో గెలిచింది. గెలుపు గోల్ కొట్టింది మాక్సిమిలియన్ కిస్సెల్. వెర్మాంట్‌కి రాకముందు అతను ఆడింది స్లిప్పరీ రాక్ అనే డివిజన్ టూ కాలేజీకి. పోర్టల్ గురించి పైన చెడుగా చెప్పాను కదా, దాని మంచి వైపు ఇది.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. ఇప్పుడు క్లబ్బులకి సొంత అకాడమీలు ఉన్నాయి. పదహారేళ్లకే మెరిసినవాళ్లని వాళ్లే పెంచుకుని నేరుగా కాంట్రాక్ట్ ఇచ్చేస్తున్నారు. కాబట్టి కాలేజీకి వచ్చేవాళ్లలో చాలామంది ఆ వయసులో ఎవరి కంటా పడనివాళ్లు, ఆలస్యంగా ఎదిగేవాళ్లు. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు మధ్య ఒళ్లు మారుతుంది, ఆట మారుతుంది. ఆ మార్పుని ఎవరో ఒకరు గమనించాలి. ఆ గమనించే పని చాలావరకు స్ప్రింగ్‌లోనే జరుగుతుంది.

లెక్కలోకి వచ్చిన ఒకే ఒక్క స్ప్రింగ్

కోవిడ్ వల్ల 2020 జాతీయ టోర్నమెంట్ ఆగిపోయింది. దాన్ని 2021 స్ప్రింగ్‌కి జరిపారు. ఎగ్జిబిషన్ మ్యాచ్‌ల నెలలు ఒక్కసారిగా అసలు సీజన్ అయిపోయాయి. ఆ టోర్నమెంట్‌లో వెస్ట్ వర్జీనియాలోని మార్షల్ యూనివర్సిటీ టాప్ సీడ్ క్లెమ్సన్‌ని, అప్పటి చాంపియన్ జార్జ్‌టౌన్‌ని దాటుకుంటూ వచ్చింది. మే 17న జరిగిన ఫైనల్లో, అప్పటికే ఎనిమిది టైటిళ్లు ఉన్న ఇండియానాని అదనపు సమయంలో 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది జమీల్ రాబర్ట్స్.

అంతకుముందు నుంచే ఒక వాదన ఉంది: సీజన్‌ని నాలుగు నెలల్లో కుక్కేయకుండా రెండు సెమ్‌లకీ పరచమని. మేరీల్యాండ్ కోచ్ సాషో చిరోవ్‌స్కీ ఏళ్ల తరబడి దీనికోసం పోరాడుతున్నాడు. వారానికి ఒకే మ్యాచ్ ఉంటే గాయాలు తగ్గుతాయి, క్లాసులు తక్కువ పోతాయి, ప్లేయర్లు ఏడాది పొడవునా నిజమైన పోటీలో ఎదుగుతారు అని ఆయన వైపు మాట. ఖర్చు, చలి ప్రాంతాల్లో గ్రౌండ్లు, స్ప్రింగ్‌లో మిగతా ఆటలతో సర్దుబాటు అనేవి అవతలి వైపు మాటలు.

నాకు మొదటి వాదనే సబబుగా అనిపిస్తుంది. కానీ ఒక సందేహం మాత్రం వదలదు. ఏప్రిల్ మ్యాచ్‌లకి కూడా పాయింట్లు పెడితే, కోచ్ ఏప్రిల్‌లో కూడా బెస్ట్ పదకొండు మందినే దింపుతాడు. అప్పుడు రెండో గోల్‌కీపర్‌ని ఎప్పుడు చూస్తాడు? వింగర్‌ని ఫుల్ బ్యాక్‌గా ఎప్పుడు ప్రయత్నిస్తాడు? మన సిలబస్‌లో కూడా చూడండి, అన్నిటికీ మార్కులు పెట్టాక ల్యాబ్‌లో ఎవడూ కొత్త సర్క్యూట్ ట్రై చేయడం లేదు. పాత రికార్డు చూసి రీడింగ్స్ దించేస్తున్నాం. తప్పు చేయడానికి కాస్త చోటు ఉండాలి. ఆ చోటులో ఓడిపోయినవాడికి అది ఎంత బరువో కూడా గుర్తుండాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నాకింకా తేలలేదు.

చివరిగా

ఈ ఏడు ఎమ్మెస్‌కి వెళ్తున్న ఫైనల్ ఇయర్ అన్నలకీ అక్కలకీ ఒక మాట. ఏప్రిల్‌లో మీ యూనివర్సిటీ సాకర్ గ్రౌండ్ వైపు ఒక మధ్యాహ్నం వెళ్లండి. స్ప్రింగ్ మ్యాచ్‌లకి చాలాచోట్ల టికెట్ ఉండదు, సీటు ఎక్కడైనా దొరుకుతుంది. స్కోర్‌బోర్డ్ చూడకండి. చివరి ఇరవై నిమిషాల్లో దిగేవాళ్లని చూడండి.

ఆగస్టులో ఆ టీమ్ కొత్త జాబితా వెబ్‌సైట్‌లో పెట్టారు. వెతికి చూశా. 31వ నంబర్ పక్కన వేరే పేరు ఉంది. అన్నకి మెసేజ్ పెట్టా. "నంబర్ మారిందేమో, కాలేజీ మారాడేమో, కనుక్కుంటాలే" అన్నాడు. ఆ కుర్రాడి పేరు మా ఇద్దరికీ తెలీదు. ఎక్కడో ఒకచోట ఆడుతూ ఉంటాడనే అనుకుంటున్నా.